అమ్మగొడుగు, సవతిగొడుగు

భటులు తవిటవ్వను కత్తిబండ మీదికి తెచ్చేశారు. అంచుకి ఇంకా పది అడుగులే ఉంది.

మణిశృంగ కోట వెనుక, లోయలోకి నాలుక చాపినట్టు పొడుచుకొచ్చిన నల్లరాయి కత్తిబండ. రాజద్రోహులను అక్కడి నుంచి కిందికి తోసేస్తారు. ఆ రాతి మీద అడుగుపెట్టిన వాళ్ళందరూ ఇంతవరకు గింజుకుంటూ వచ్చినవాళ్ళే. తవిటవ్వ మాత్రం ఏదో ఇంటికి పురుడు పోయడానికి వెళుతున్నంత నిదానంగా నడుస్తోంది. డెబ్బై ఏళ్ళ మంత్రసాని ఆమె. కోటలో సగం మంది ఆమె చేతుల్లోనే మొదటి ఏడుపు ఏడ్చారు. ఆమెను చెరోవైపు పట్టుకున్న భటులిద్దరూ ఆ సగంలోని వాళ్ళే. అందుకే కాబోలు, లాక్కుపోతున్నట్టు కాక, కాలు జారకుండా ఆసరా ఇస్తున్నట్టున్నారు.

గుంపును చీల్చుకుంటూ కరవీరుడు వచ్చిపడ్డాడు. తేనెకొండ నుంచి అప్పుడే దిగాడు. భుజాన తాడు చుట్ట, నడుముకి కొడవలి, మోచేతుల దాకా ఆరని తేనె. అతని కన్నతల్లి పురిట్లోనే కన్నుమూస్తే, ఆ పసిగుడ్డును ఎవరి చేతుల్లోనూ పెట్టలేక తవిటవ్వే పెంచుకుంది. అతనికి లోకంలో ఉన్నది ఆ అవ్వ ఒక్కతే.

జరిగిందేమిటో అతనికి నాలుగు ముక్కల్లో చెప్పారు. రాణి హేమవల్లి మగబిడ్డను కని తొమ్మిది రోజులైంది. రోజూ తెల్లవారగానే తవిటవ్వ ఆమెకు అమ్మగొడుగు వేరుతో కషాయం కాచి ఇస్తోంది. ఈ ఉదయం కషాయం తాగిన కాసేపటికే రాణి కాలివేళ్ళు చల్లబడ్డాయి. ఎండ కోటగోడ ఎక్కేసరికి మోకాళ్ళ దాకా స్పర్శ పోయింది. తెలివి మాత్రం పోలేదు. చలి ఎంతవరకు వచ్చిందో రాణి తానే చెబుతోంది, బిడ్డను దగ్గర పడుకోబెట్టమని అడుగుతోంది. అవ్వ బుట్ట వెతికితే విషపు మొక్కల కట్ట బయటపడింది.

"నన్ను కూడా ఈ తల్లే భూమ్మీద పడేసింది, కరవీరా" అన్నాడు రాజు జయకేతనుడు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఆమె కాదని నాకూ అనుకోవాలనే ఉంది. ఈ కట్ట అనుకోనివ్వడం లేదు."

ఆ కట్టను పళ్ళెంలో పెట్టి పట్టుకున్నవాడు ఆస్థాన వైద్యుడు భేషజాచార్యులు. ఏ మొక్కకైనా సంస్కృతంలో పేరు పెట్టేస్తే సగం రోగం కుదురుతుందని నమ్మే మనిషి. అది శ్వేతచ్ఛత్రమనీ, అమ్మగొడుగూ శ్వేతచ్ఛత్రమేననీ, ముసలిది చూపు ఆనక ఒకదానికి బదులు ఒకటి వేసినా, కావాలని వేసినా శిక్ష ఒకటేననీ సభకు విన్నవించాడు.

కరవీరుడు పళ్ళెం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. కొత్త మొక్కను చూసేటప్పుడు అవ్వ చిన్నప్పటి నుంచీ అలాగే కూర్చోబెట్టేది. ముందు ముక్కు, తరవాత వేలు, కళ్ళు చివర. నాలుక ఎప్పటికీ వద్దు.

అమ్మగొడుగుకీ, దాన్నే పోలిన విషపుమొక్క సవతిగొడుగుకీ, రెంటికీ ఆకు కొత్తిమీర ఆకే. రెంటికీ కాడ చివర ఒక్కచోట నుంచే సన్నటి పుల్లలు విచ్చుకుని, వాటి కొసల్లో నూకగింజలంత తెల్లపూలు గుత్తులు కట్టి, తెరిచిన గొడుగులా ఉంటాయి. తేడా అంతా కాడలో, వాసనలో ఉంది. పళ్ళెంలోని కాడ నున్నగా ఉంది. దాని మీద నెత్తురు చిలకరించినట్టు ఎర్రటి మచ్చలు. ముక్కు దగ్గరికి పోనిస్తే ఎలుకలు తిరిగిన గాదె వాసన.

"ఇది సవతిగొడుగే, మహాప్రభూ. ఆచార్యులవారు చెప్పింది నిజమే" అన్నాడు కరవీరుడు.

గుంపులో గుసగుసలు లేచాయి. అతను వంగి, ఒక్కో గొడుగునూ ఊపిరి బిగబట్టి చూశాడు. తరవాత లేచి నిలబడ్డాడు.

"కానీ దీన్ని కోసింది మా అవ్వ కాదు. కొండమనిషి ఎవరూ కాదు. దీనికి కొండ వంతు తియ్యలేదు."

కొండ వంతు ఏమిటో రాజుకు అతనే వివరించాడు. గొడుగుపువ్వు ఏది కోసినా, కొండవాళ్ళు ముందు ఆ గొడుగులో ఒక పుల్ల గిల్లి, దాని వేరు పక్కనే మట్టిలో గుచ్చుతారు. అది కొండకి మిగిల్చే వంతు. పళ్ళెంలో ఏడు గొడుగులున్నాయి. ఏడింటికీ పుల్లలు నిండుగా ఉన్నాయి.

విషం పెట్టే మనిషి కొండకి వంతు పెడుతుందా అని భేషజాచార్యులు నవ్వాడు.

"పెడుతుందయ్యా. చెయ్యి ఊరుకోదు" అన్నాడు కరవీరుడు. "కోట వంటింటి పెరట్లో కొత్తిమీర పూతకొచ్చినా మా అవ్వ పుల్ల గిల్లే కోస్తుంది. వంటవాళ్ళని అడగండి."

వంటపెద్ద గుంపులోంచి తల ఊపాడు. అవ్వ గిల్లిన పుల్లలు తొక్కినందుకు తాను తిన్న చీవాట్లు కూడా అతనికి గుర్తొచ్చినట్టున్నాయి.

రాజు పళ్ళెం మీది చూపు తవిటవ్వ మీదికి తిప్పాడు. విరుగుడు ఉందా అని అడిగాడు. ఉందంది తవిటవ్వ. అమ్మగొడుగు పచ్చివేరు మేకపాలలో నూరి పడితే సవతి చలి దిగిపోతుంది. తన దగ్గర దాచుకున్న వేర్లు, ఈ ఉదయం కషాయం దించి పక్కకి వెళ్ళొచ్చేసరికి మాయమయ్యాయి. ఇక అది ఉండేది ఏడుమెట్ల కొండ నడిచరియలో. చలి గుండెను తాకేలోగా రావాలి. పొద్దు గుంకేసరికి తాకుతుంది.

గుంపంతా ఉలిక్కిపడింది. ఏడుమెట్ల కొండ ధూమాక్షుడిది. ఆ మాంత్రికుడు పొగ వదిలితే మనిషికి ఉన్నది లేనట్టూ, లేనిది ఉన్నట్టూ కనిపిస్తుంది.

"నేను తెస్తాను. పొద్దు గుంకేదాకా అవ్వను తాకకండి" అన్నాడు కరవీరుడు.

"వీడు వెనక్కి వస్తాడని పూచీ ఏమిటి అన్నయ్యా? నేను వెంట వెళతాను" అంటూ ముందుకొచ్చాడు చంద్రపాలుడు. అతను రాజు తమ్ముడు. నవ్వుమొహం. భుజం మీద ఎప్పుడూ వేటడేగ. తొమ్మిది రోజుల క్రితం వరకు జయకేతనుడి తరవాత మణిశృంగ సింహాసనపు తెల్లగొడుగు కింద కూర్చోవలసినవాడు. ఇప్పుడు ఉయ్యాలలోని బిడ్డ అతనికి ముందు వరసలో ఉన్నాడు. తన గుర్రాలలో రెండోదాన్ని కరవీరుడికి తానే ఇచ్చాడు. తోలుతొడుగు ఉన్న కుడిచేత్తో కళ్ళెం అందించాడు.

తవిటవ్వ ఆ చేతి వంక చూసింది. తొడుగు అంచు దగ్గర, మణికట్టు మీద ఆమె చూపు ఒక్క క్షణం ఆగింది. వెంటనే తల తిప్పేసుకుంది. పెంచిన కొడుకును దగ్గరికి పిలిచి, అతని నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"నాయనా, తాడు నువ్వే కట్టుకో" అంది మెల్లగా. "ఎవరు కడతానన్నా సరే, నీ తాడు నువ్వే కట్టుకో."

*

రెండు గుర్రాలు దుమ్ము రేపుకుంటూ పరిగెత్తాయి. వెదురుకోన దాటాయి. మోకాటిలోతు వాగులో నీళ్ళు రెండుగా చీలాయి. మధ్యాహ్నానికి ఏడుమెట్ల కొండ నెత్తికెక్కి అంచున నిలబడ్డారు.

కిందికి చూస్తే ఆ చరియ ఒక అద్భుతం. ఏడు రాతిమెట్లు, ఒక్కో మెట్టు ఒక పొలమంత. నాలుగో మెట్టు నిండా తెల్లటి గొడుగులు. గాలి వీస్తే వేల గొడుగులు ఒక్కసారిగా ఒరిగి, ఏదో చిట్టిరాజుల ఊరేగింపు లోయలోకి దిగుతున్నట్టుంది. పసుపుపచ్చ సీతాకోకచిలుకలు ఒక గొడుగు మీద నుంచి ఇంకో గొడుగు మీదికి దూకుతున్నాయి. రాళ్ళ సందుల్లోంచి ఊటనీళ్ళు వెండిజరీలా జారుతున్నాయి. ఆ అందానికి అంచు కట్టినట్టు, మెట్టు చివర గుహలోంచి బూడిదరంగు పొగ మెల్లగా పాకుతోంది.

చంద్రపాలుడు తన గుర్రం మీది తాడు తీసి, తానే బండకి కట్టాడు. రెండో కొస కరవీరుడి నడుముకి తానే బిగించాడు. రాజు తమ్ముణ్ణి వద్దనడానికి కరవీరుడికి నోరు రాలేదు. కానీ మూడు బారలు దిగి, అంచు చాటుకి రాగానే ఆగాడు. రాతి చీలికలోంచి తొడంత లావు జువ్వివేరు బయటికొచ్చి ఉంది. భుజాన ఉన్న తన తేనెతాడు దానికి కట్టి, రెండో కొస చంకల కింద వేసుకున్నాడు. అవ్వ చెప్పిందని కట్టాడు. ఎందుకు చెప్పిందో ఆలోచించే తీరిక అప్పుడు లేదు.

నాలుగో మెట్టు మీద కాలు పెట్టాడో లేదో పొగ కమ్మేసింది.

కళ్ళు తెరిచి చూస్తే, అన్ని కాడలూ ఒకేలా ఉన్నాయి. మచ్చలు లేవు. ఏది చూసినా అమ్మగొడుగే. ఎండ పోయింది, కొండ పోయింది, తన చేతులే తనకి పొగలా కనబడుతున్నాయి. ఇంతలో పక్కనే అచ్చం తవిటవ్వ గొంతు పలికింది. ఇదే నాయనా, నీ ముందున్నదే, అనుమానంగా ఉంటే ఒక ఆకు నాలుక మీద పెట్టి చూడు అంది.

కరవీరుడికి నవ్వొచ్చింది.

"మా అవ్వ నన్ను నోట్లో పెట్టుకోమన్నది అన్నం ముద్ద ఒక్కటే, ధూమాక్షా" అన్నాడు. "గొంతు బాగానే తెచ్చుకున్నావు. మాట తెచ్చుకోలేకపోయావు."

అని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పొగ కళ్ళనీ, చెవులనీ మోసం చేస్తుంది. ముక్కు జోలికీ వేళ్ళ జోలికీ పోలేదు.

మోకాళ్ళ మీద పాకాడు. మొదటి కాడ మోచేతికి రాసుకుంది, తడిగా, నున్నగా. ఎలుకల వాసన. వదిలేశాడు. రెండోదీ అంతే. మూడోది చేతికి తగిలితే వేలి కింద నూగు మెదిలింది, దూడచెవి తడిమినట్టు. నిలువునా సన్నటి గాట్లు, పంచె కుచ్చెళ్ళలా. ఆకు నలిపాడు. వాము. దాని వెనకే నారింజతొక్క గిచ్చినప్పటి ఘాటు. బాలింతల గదుల్లో, అవ్వ కొంగులో, తన చిన్నతనమంతా నిండి ఉన్న వాసన. అంత పొగలోనూ అతనికి ఇంటికొచ్చినట్టయింది.

కొడవలి కొసతో వేరు తవ్వాడు. వెనక ధూమాక్షుడు బుసకొడుతున్నాడు, పొగ మెడకు చుట్టుకుంటోంది. అయినా అతని చెయ్యి ఊరుకోలేదు. గొడుగులోంచి ఒక పుల్ల గిల్లి, తవ్విన గుంటలో గుచ్చి మట్టి కప్పింది.

పుల్ల మట్టిలో దిగిన చోట పొగ చిరిగింది. పాతబట్ట పిగిలినట్టు రెండుగా చీలి గుహవైపు ముడుచుకుపోయింది. ఎక్కడో లోపల ధూమాక్షుడు దగ్గడం వినిపించింది. కొండ తన వంతు అందుకుని, బదులు తీర్చింది.

గొడుగులతో సహా వేర్లు గుండెలకు కట్టుకుని కరవీరుడు తాడు పట్టి పైకి పాకాడు. సగం ఎక్కాడు. ముప్పాతిక ఎక్కాడు. నడుము దగ్గర బిగువు ఒక్కసారిగా వదిలింది. చంద్రపాలుడు కట్టిన తాడు పాములా మెలికలు తిరుగుతూ పై నుంచి అతని మీద పడి, నడుము నుంచి కిందికి వేలాడింది. అతను రెండు బారలు జారిపోయాడు. తేనెతాడు చంకల్లో కోసుకుంటూ పట్టి నిలిపింది. అరచేతుల చర్మం లేచిపోయింది. జువ్వివేరు కిర్రుమంది కానీ ఊడలేదు. వేరు అందుకుని, మిగిలిన మూడు బారలూ రాతి పగుళ్ళలో గోళ్ళు గుచ్చి ఎక్కేశాడు.

చంద్రపాలుడు గుర్రం పక్కన తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కరవీరుణ్ణి చూడగానే అతని మొహం సున్నం కొట్టినట్టయింది. తరవాత పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. పొగలోంచి ఒక చెయ్యి వచ్చి తాడు తెంపేసిందని, తానేమీ చెయ్యలేకపోయానని చెప్పాడు.

కరవీరుడు తల ఊపాడు. నడుముకి వేలాడుతున్న తాడు కొస చూశాడు. తెగిన తాడుకి పీచు లేస్తుంది. ఇది వెన్నముద్ద కోసినంత నున్నగా ఉంది. ఆ కొస జాగ్రత్తగా మొలలో దోపుకుని గుర్రమెక్కాడు. పొద్దు అప్పటికే వాలింది.

వాగు దగ్గరికి వచ్చేసరికి మోచెయ్యి నిప్పు అంటుకున్నట్టు మండింది. చూస్తే, సవతికాడ రాసుకున్న చోట ఎండ తగిలి బొబ్బలు లేస్తున్నాయి. సవతిగొడుగు పాలు అంతే. నీడలో ఏమీ చెయ్యవు, ఎండ తగిలితే కాలుస్తాయి. నెల దాకా మానవు.

చంద్రపాలుడు కూడా ఆ బొబ్బలు చూశాడు. ఏమైందని అడగలేదు. కుడిచేతి తొడుగు మణికట్టు మీదికి ఇంకాస్త లాక్కున్నాడు. అదే సమయానికి డేగ భుజం మీద నుంచి అతని ఎడమ మణికట్టు మీద వాలింది. గోళ్ళు దిగి నెత్తురు చిమ్మింది. డేగను మోసేవాళ్ళు తొడుగు వేసుకునేది ఎడమచేతికే. నెత్తురు కారుతున్నా చంద్రపాలుడు కుడిచేతి తొడుగు తియ్యలేదు.

అప్పుడు కరవీరుడికి అవ్వ మాట అర్థమైంది. ఆమెకు పొద్దున్నే తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది మాత్రం అతనికి అంతుపట్టలేదు. అక్కడి నుంచి కోట దాకా తన గుర్రాన్ని చంద్రపాలుడి గుర్రం పక్క నుంచి ఒక్క అడుగు ముందుకి గానీ వెనక్కి గానీ పోనివ్వలేదు.

*

కత్తిబండ మీద తవిటవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. భటులిద్దరూ ఎండ పడకుండా ఆమె నెత్తిన డాలు పట్టారు. వేర్లు చేతిలో పడగానే ఆమె మొదట వాసన చూసింది. తరవాత గొడుగులో గిల్లిన చోటు వేలితో తడిమి, పెంచిన కొడుకు బుగ్గ నిమిరింది.

ఆమెను రాణి గదికి తీసుకుపోయారు. చలి పక్కటెముకల దాకా వచ్చేసింది. చంటివాడికి పొద్దుటి నుంచి తల్లిపాలు లేవు. దాది దూదివత్తి మేకపాలలో ముంచి నోట్లో పెడితే, వాడు దాన్ని చీకి, మోసపోయినట్టు మొహం పెడుతున్నాడు. తవిటవ్వ వేరు నూరింది, పాలలో కలిపింది, చుక్కచుక్కగా రాణి నోట్లో పోసింది. తరవాత మంచం కాళ్ళవైపు కూర్చుని, రాణి పాదాలు రెండూ తన ఒళ్ళో పెట్టుకుని, అరచేతులతో కప్పింది. ఇంకేమీ చెయ్యలేదు. అలాగే కూర్చుంది.

కిటికీలో సూర్యుడు సగం మునిగాడు.

"అవ్వా, నీ చేతులు గరుకుగా ఉన్నాయి" అంది హేమవల్లి.

రాజు గోడకి జేరబడి మొహం కప్పుకున్నాడు. రాణి బొటనవేలు తవిటవ్వ అరచేతిలో కోడిపిల్లలా కదిలింది. ఈ విషం తల్లిపాలతో బిడ్డ ప్రాణానికీ వస్తుందని, చలి పూర్తిగా దిగేదాకా, మూడు రోజులు పాలివ్వొద్దని అవ్వ చెప్పింది. అలా చెబుతూనే చంటివాణ్ణి తీసుకుని తల్లి బుగ్గకి ఆనించింది. వాడు వెంటనే ఏడుపు మానేశాడు.

వసారాలోకి రాగానే భేషజాచార్యులు మళ్ళీ అందుకున్నాడు. విరుగుడు తెలిసిన చేతికే విషమూ తెలుస్తుందన్నాడు. రాజు అతని వంక చూడలేదు. కరవీరుడి వంక చూశాడు.

"రాణి బతికింది. నా బిడ్డకి తల్లి దక్కింది. కట్ట పెట్టిందెవరో తేలకుండా మాత్రం నేను నిద్రపోను. నీకేమైనా తెలుసా?"

కరవీరుడు నోరు తెరిచాడు. తవిటవ్వ చెయ్యి వచ్చి ఆ నోటిని మూసింది.

"వద్దు నాయనా" అంది. "రాణి లేచింది కదా. ఇక వదిలెయ్యి. నన్ను ఊరు దాటిపొమ్మంటే పోతాను."

అంటూ అతని చేతులు పట్టుకుని ఆగిపోయింది. అరచేతులు తిప్పి చూసింది. చర్మం లేచిపోయి పచ్చినెత్తురుగా ఉన్నాయి. చంకల కింద చొక్కా చిరిగి తాడు కోసిన చారలు కనబడుతున్నాయి. మొలలో దోపిన తాడు కొసను ఆమే బయటికి లాగింది. నున్నగా కోసిన ఆ కొస మీద ముసలి బొటనవేలు రాసింది.

"ఇది ఎవరు కట్టిన తాడు?"

"చిన్న ప్రభువు కట్టింది. నేను కట్టుకున్నది వేరే ఉంది. నువ్వు చెప్పావు కదా."

తవిటవ్వ ఆ కొసను గుప్పిట్లో బిగించి తలెత్తింది. ద్వారం దగ్గర చంద్రపాలుడు నిలబడి ఉన్నాడు. తొడుగు ఉన్న చెయ్యి కత్తిపిడి మీద ఉంది. అతని కాళ్ళ దగ్గర, గడప కింద నుంచి, ఏడుమెట్ల కొండ మీది అదే బూడిదరంగు పొగ, పిలిస్తే వచ్చినట్టు, సన్నగా లోపలికి పాకడం మొదలైంది.

ఆమె అతని దగ్గరికి నడిచింది.

"నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావయ్యా" అంది. ఆ గొంతులో కోపం లేదు. "ఊపిరి లేదు. మీ అమ్మ చూడకుండా నిన్ను గుడ్డలో చుట్టెయ్యమన్నారు. నేను చుట్టలేదు. నా ఊపిరి నీ నోట్లో ఊదాను, నువ్వు తుమ్మేదాకా. పొద్దున నీ మణికట్టు మీద బొబ్బ చూశాను. చూసి, నా చేతుల్లో పుట్టిన ఈ బిడ్డని నేను కత్తిబండ ఎక్కించలేననుకున్నాను. నా ప్రాణం నాది, పోతే పోయిందనుకున్నాను. కానీ కరవీరుడి ప్రాణం నాది కాదు, నీకు ఇచ్చెయ్యడానికి."

చంద్రపాలుడు అడుగు వెనక్కి వేశాడు. వెనక పొగ మోకాలెత్తు లేచింది. కరవీరుడి చెయ్యి కొడవలి మీదికి వెళ్ళింది.

తవిటవ్వ రాజు వైపు తిరిగింది.

"అతని కుడిచేతి తొడుగు తీయించు మహారాజా. తెల్లగొడుగు కోసం సవతిగొడుగు కోసింది నీ తమ్ముడు చంద్రపాలుడు."